విల్లు మొదట మందు, తర్వాతే పతకం (మన ఊళ్ల నుంచి చరిత్ర – 23వ భాగం)



పోయిన భాగం చివర్లో ఓ మాట ఇచ్చాను. కాలు పోయిన జవాను విల్లు పట్టి ప్రపంచ విజేత ఎలా అయ్యాడో రాస్తానని. రాయడానికి కూర్చుంటే కథ కొరియాలో మొదలై మండపేటలో మా వీధి చివర ఉన్న నులకమంచం దగ్గరకు వచ్చి ఆగింది. కాస్త పొడుగైంది. ఓపికగా చదవండి.

ముందు మా వీధి సంగతి చెబుతాను.

నా చిన్నప్పుడు మా వీధిలో నడవలేని మగవాళ్లు ఇద్దరుండేవారు. ఒకాయన ఎక్స్ మిలిట్రీ. సర్వీసులో ఉండగానే మోకాలి కింద వరకూ కాలు పోయింది. పుణేలో పెట్టిన చెక్కకాలుతో నడిచేవాడు. నెలనెలా పింఛను, క్యాంటీన్ సరుకులు, పండక్కి కొత్త చొక్కా. పిల్లలందరం ఆయన్ని "మిలిట్రీ తాతా" అనే పిలిచేవాళ్లం. రెండో ఆయన మాకు వరసకి మావయ్య. కొబ్బరి దింపు కార్మికుడు. వర్షం వెలిసిన మర్నాడు తడి చెట్టెక్కాడు. కాళ్లకున్న బంధం జారి కింద పడ్డాడు. నడుం దగ్గర వెన్నుపూస విరిగింది. పెద్దాసుపత్రికి తీసుకెళ్లారు, కొన్నాళ్లుంచుకుని "ఇక ఇంటికి తీసుకెళ్లండి, చేసేదేం లేదు" అన్నారు.

ఇంటికొచ్చి వసారాలో నులకమంచం మీద పడుకున్నాడు. పిరుదుల కింద పుండ్లు పడ్డాయి. వాసన వస్తుందని మాలాంటి పిల్లల్ని దగ్గరకు రానిచ్చేవాడు కాదు. "ఒరేయ్ అబ్బాయ్, అక్కడే ఉండి మాట్లాడరా" అనేవాడు. మేం కొబ్బరి ఈనెలు విరిచి, వెదురుబద్దకు పురికొస కట్టి బాణాలేసుకుంటుంటే మంచం మీద నుంచే చూసి, "కొంచెం పైకెత్తి కొట్టరా, దూరం పోతుంది" అని చెప్పేవాడు. రెండో ఏడు తిరక్కుండానే పోయాడు. జ్వరం అన్నారు. పుండ్లు కుళ్లి, మూత్రం ఇన్‌ఫెక్షన్ వచ్చి పోయాడని పెద్దయ్యాక నాకు అర్థమైంది.

ఈ "రెండేళ్లు" అన్న మాట గుర్తుపెట్టుకోండి. మళ్లీ వస్తుంది.

* * *

విల్లంటే మనవాళ్లకు మొదట గుర్తొచ్చేది ఏకలవ్యుడు. నిషాదుల పిల్లవాడు. గురువు ఒప్పుకోకపోతే మట్టిబొమ్మ చేసుకుని నేర్చుకున్నాడు. నేర్చుకున్నాక బొటనవేలు ఇవ్వాల్సి వచ్చింది. ఇక్కడిదాకా అందరం చెప్పుకుంటాం. మహాభారతం ఆదిపర్వంలో ఆ తర్వాత ఒక సంగతి ఉంది, దాన్ని ఎవరూ చెప్పరు. వేలు పోయాక ఏకలవ్యుడు విల్లు వదిలెయ్యలేదు. మిగిలిన వేళ్లతో మళ్లీ వేశాడు. మునుపటి వేగం మాత్రం రాలేదు.

అంటే మన కథల్లో తొలి పారా ఆర్చర్ అతనే.

ఇప్పుడు లెక్కలోకి వద్దాం. 1923 నాటి కార్మిక నష్టపరిహార చట్టంలో ఒక పట్టిక ఉంటుంది. ఏ అవయవం పోతే సంపాదించే శక్తి ఎంత శాతం పోయినట్టు అని. బొటనవేలు పోతే 30 శాతం. 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం రిజర్వేషన్ లాంటి ప్రయోజనాలకు ఉండాల్సిన కనీస వైకల్యం 40 శాతం. ఆ 30నే ఈ 40 పక్కన పెట్టి చూడండి. ఏకలవ్యుడు ఈరోజు సర్టిఫికెట్ కోసం క్యూలో నిలబడితే పది శాతం తక్కువైందని వెనక్కి పంపేస్తారు.

నవ్వుకోడానికి చెప్పలేదు. ఎవరి గాయాన్ని ఎవరు కొలుస్తారు, ఎంతగా కొలుస్తారు అన్నదే ఈ వ్యాసం అంతా.

* * *

ఇప్పుడు ఇంగ్లండ్ వెళ్దాం. పారా ఆర్చరీ పుట్టింది అక్కడే, అదీ ఓ ఆసుపత్రి వార్డులో.

లుడ్విగ్ గుట్మన్ అని ఓ నరాల డాక్టరు. 1899లో పుట్టాడు. జర్మనీలో యూదుడు. బ్రెస్లావ్ నగరంలో యూదుల ఆసుపత్రిలో పనిచేసేవాడు. 1938 నవంబర్ 9 రాత్రి నాజీలు దేశమంతా యూదుల ఇళ్లు, దుకాణాలు, ప్రార్థనా మందిరాల మీద పడ్డారు. ఆ రాత్రి తన ఆసుపత్రికి ఎవరొచ్చినా ప్రశ్నలు అడక్కుండా చేర్చుకోమని సిబ్బందికి చెప్పాడు గుట్మన్. 64 మంది వచ్చారు. మర్నాడు నాజీ పోలీసులొస్తే ఒక్కొక్కరికీ ఒక్కో జబ్బు పేరు చెప్పి 60 మందిని అరెస్టు కాకుండా కాపాడాడు. 1939లో భార్యాబిడ్డలతో ఇంగ్లండ్‌కు శరణార్థిగా చేరాడు.

పుట్టుకను బట్టి మనిషి విలువ కట్టే చోటు నుంచి పారిపోయి వచ్చినవాడు ఈ ఆటకు తండ్రి అయ్యాడు. మనం గుర్తుపెట్టుకోవాల్సిన విషయం ఇది.

1944 ఫిబ్రవరిలో బ్రిటిష్ ప్రభుత్వం స్టోక్ మాండవిల్ అనే ఊళ్లో వెన్నెముక గాయాల కేంద్రం తెరిచి గుట్మన్ చేతిలో పెట్టింది. యుద్ధం జరుగుతోంది. ఫ్రాన్స్ తీరంలో దిగబోతున్నారు, వెన్నువిరిగిన సైనికులు చాలామంది వస్తారని ముందే లెక్క వేసుకున్నారు. అప్పటికి వెన్నుపాము తెగిన సైనికుడి గతి ఏమిటి? మొదటి ప్రపంచ యుద్ధంలో అలాంటివాళ్లలో ఎక్కువమంది రెండేళ్లలోపే చనిపోయారు. గాయం వల్ల కాదు. పడక పుండ్ల వల్ల, మూత్రంలో ఇన్‌ఫెక్షన్ వల్ల.

రెండేళ్లు. మా మావయ్య లెక్క సరిగ్గా అదే. ఆయన పడింది 1914లో కాదు. గుట్మన్ వార్డు తెరిచిన నలభై ఏళ్ల తర్వాత.

గుట్మన్ ఏం చేశాడు? పెద్ద యంత్రాలేం తేలేదు. రోగిని రెండు గంటలకోసారి పక్కకి తిప్పించాడు. రాత్రి కూడా. కొన్నిసార్లు తానే రాత్రిపూట వార్డులో తిరిగి, తిప్పారా లేదా అని చూసేవాడు. మూత్రం గొట్టాల శుభ్రత మీద గట్టిగా పట్టుబట్టాడు. మనుషులు చావడం మానేశారు. అప్పుడు రెండో ప్రశ్న వచ్చింది. బతికాడు సరే, ఏం చేస్తాడు? ఇరవై రెండేళ్ల కుర్రాడు గోడవైపు తిరిగి పడుకుంటే అది బతుకా?

అక్కడ వచ్చింది విల్లు.

నడుం కింద పట్టు లేని మనిషికి కుర్చీలో నిటారుగా కూర్చోవడమే పెద్ద పని. మంచం నుంచి కుర్చీలోకి, కుర్చీ నుంచి మంచంలోకి తనను తాను ఎత్తుకోవాలంటే భుజాలు, వీపు, చేతులు గట్టిపడాలి. విల్లు లాగితే పనిచేసేవి సరిగ్గా ఆ కండరాలే. లాగి పట్టుకుని గురి చూస్తున్నంతసేపూ ఒళ్లు ఊగకుండా ఆపుకోవాలి. అంటే సమతూకం నేర్పే మందు. ఇంకో లాభం కూడా ఉంది. కాళ్లున్నవాడితో పక్కపక్కనే నిలబడి సమానంగా పోటీపడగలిగే ఆటలు తక్కువ. బాణం వదిలాక లక్ష్యానికి నువ్వు నిలబడి వేశావా కూర్చుని వేశావా తెలీదు.

1948 జూలై 29. లండన్‌లో ఒలింపిక్స్ మొదలైన రోజు. అదే రోజు స్టోక్ మాండవిల్ ఆసుపత్రి పచ్చికలో 16 మంది చక్రాల కుర్చీల్లో కూర్చుని బాణాలు వేశారు. 14 మంది మగవాళ్లు, ఇద్దరు ఆడవాళ్లు. యుద్ధంలో గాయపడి వచ్చినవాళ్లు. ఆ రోజు జరిగిన ఆట ఒక్కటే, విలువిద్య. ఈరోజు మనం పారాలింపిక్స్ అంటున్న మహావృక్షానికి విత్తనం ఆ ఒక్క ఆట, ఆ 16 మంది.

1952లో నెదర్లాండ్స్ నుంచి మాజీ సైనికులు వచ్చి చేరారు. అంతర్జాతీయ పోటీ అయింది. 1960లో రోమ్‌లో 23 దేశాల నుంచి దాదాపు 400 మంది ఆడారు. దాన్నే మొదటి పారాలింపిక్స్ అని లెక్కేస్తాం. ఆ రోమ్‌లో విలువిద్యలో బంగారు పతకం గెలిచిన మార్గరెట్ మాన్ సైనికురాలు కాదు. ఆఫ్రికాలో ఇప్పుడు మలావి అంటున్న చోట పనిచేస్తుండగా కారు ప్రమాదంలో నడుం పోయింది. తాను గెలిచిన సంగతి ఆమెకు తెలియనే తెలియదు. బస్సులో కూర్చుని ఉంటే వెతుక్కుంటూ వచ్చి పతకాల దగ్గరకు తీసుకెళ్లారు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. సైనికుల కోసం మొదలైన వార్డు పదహారేళ్లలోనే కారు ప్రమాదంలో పడ్డ ఆడమనిషి చేతికి విల్లు ఇచ్చింది. ఆ వార్డు యుద్ధం ముగిశాక మూతపడలేదు. సామాన్యులకూ తలుపు తెరిచారు. మన దేశంలో ఆ తలుపు ఎంతవరకు తెరుచుకుందన్నదే నా ప్రశ్న.

* * *

మన దేశంలో సైన్యం ఈ పని ముందే మొదలుపెట్టింది. దాన్ని ఒప్పుకోవాలి. 1917లో, మొదటి యుద్ధం మధ్యలోనే, వికలాంగ సైనికులకు చేతిపని నేర్పే క్వీన్ మేరీస్ టెక్నికల్ ఇన్‌స్టిట్యూట్ వచ్చింది. తర్వాత పుణే పక్కన కిర్కీకి మారింది. గుట్మన్ వార్డు తెరిచిన 1944లోనే పుణేలో సైన్యం కృత్రిమ అవయవాల కేంద్రం పెట్టింది. మా మిలిట్రీ తాత కాలు అక్కడిదే. 1974లో నడుం పడిపోయిన సైనికుల కోసం కిర్కీలో ప్రత్యేక పునరావాస కేంద్రం వచ్చింది. 2017లో సైన్యం కిర్కీలోనే పారాలింపిక్ శిక్షణ విభాగం కూడా పెట్టింది. కశ్మీర్‌లో 2002లో మందుపాతర మీద కాలుపెట్టి ఎడమకాలు పోగొట్టుకున్న నాగాలాండ్ హవల్దార్ హొకాటో సెమా, 2024 పారిస్‌లో షాట్‌పుట్‌లో కాంస్యం తెచ్చాడు. అప్పటికి అతని వయసు 40.

దేశానికి పారాలింపిక్స్‌లో మొట్టమొదటి బంగారు పతకం తెచ్చింది కూడా గాయపడ్డ సైనికుడే. మురళీకాంత్ పేట్కర్. సికింద్రాబాద్‌లో పెద్ద కేంద్రం ఉన్న ఈఎంఈ కోర్‌కు చెందినవాడు. బాక్సర్. 1965 యుద్ధంలో తూటాలు తగిలాయి, ఒకటి వెన్నులో ఉండిపోయింది. చికిత్స కోసం ఈత నేర్పారు. ఆ ఈతే 1972లో హైడెల్‌బర్గ్‌లో 50 మీటర్ల ఫ్రీస్టైల్‌లో బంగారం అయింది. 37.33 సెకన్లు. పద్మశ్రీ మాత్రం 2018లో ఇచ్చారు. 46 ఏళ్ల తర్వాత.

చూశారా, ఇక్కడా అదే వరస. మొదట మందు, తర్వాత పతకం.

ఇక విలువిద్య. 2025 సెప్టెంబర్‌లో దక్షిణ కొరియాలోని గ్వాంగ్జూలో ప్రపంచ పారా ఆర్చరీ పోటీలు జరిగాయి. పురుషుల కాంపౌండ్ ఫైనల్లో ఇద్దరూ మనవాళ్లే. ఒకరు జమ్మూలోని కట్రాకు చెందిన రాకేశ్ కుమార్. ఇంకొకరు చత్తీస్‌గఢ్‌కు చెందిన సీఆర్పీఎఫ్ జవాను తోమన్ కుమార్. నక్సలైట్ ఏరివేత డ్యూటీలో మందుపాతర పేలి తోమన్ ఎడమకాలు పోయింది. ఫైనల్ మధ్యలో రాకేశ్ విల్లు పాడైంది, ఆట ఆపేయాల్సి వచ్చింది. బంగారం తోమన్‌కు, వెండి రాకేశ్‌కు.

ఆ వార్త వచ్చిన రోజు వీడియో తీసుకెళ్లి మిలిట్రీ తాతకు చూపించాను. ఇప్పుడు ఎనభై దాటాడు. ఫోను దగ్గరగా పెట్టుకుని రెండుసార్లు చూశాడు. "కుర్రాడు ఏ రెజిమెంటురా?" అన్నాడు. "రెజిమెంటు కాదు తాతా, సీఆర్పీఎఫ్" అన్నాను. "అయితే మా లెక్కలో రాడన్నమాట" అన్నాడు. ఎగతాళిగా అనలేదు. ఉన్నమాట అన్నాడు.

అది నిజమే. సీఆర్పీఎఫ్ హోంశాఖ కింద ఉంటుంది. రక్షణ శాఖ కింద కాదు. అదే అడవిలో, అదే మందుపాతరకు కాలు పోయినా "మాజీ సైనికుడు" అన్న హోదా రాదు. పింఛను నిబంధనలు వేరు. ఆసుపత్రులు వేరు. చివరికి సీఆర్పీఎఫ్ తనవాళ్ల కోసం తానే హైదరాబాద్ శివార్లలోని రంగారెడ్డి గ్రూప్ సెంటర్‌లో 2020లో దివ్యాంగ జవాన్ల కేంద్రం పెట్టుకుంది. అవయవాలు పోయిన జవాన్లకు కంప్యూటర్ పనులతో పాటు పారా ఆటలు నేర్పే చోటు అది. మన తెలుగు నేల మీదే ఉంది. ఎంతమందికి తెలుసు?

ఇంకో మెట్టు కిందకి దిగండి. ఆ అడవుల్లో మందుపాతరకు కాలు పోయే ఆదివాసీలూ ఉన్నారు. తునికాకు కోసుకుంటూ, పశువులు తోలుకుంటూ వెళ్లినవాళ్లు. వాళ్లది ఏ రెజిమెంటు?

* * *

గాయపడ్డ సైనికుడికి దేశం రుణపడుతుంది అంటాం. మరి ఎవరిని సైనికుడు కానిచ్చారు? ఇదీ చరిత్రే. కొంచెం చెప్పి ముందుకు వెళ్తాను.

మద్రాసు సైన్యంలో ఒకప్పుడు తెలుగువాళ్లు చాలామంది ఉండేవారు. ఉత్తర భారతంలో సిపాయికి "తిలంగా" అనే పేరే పడిపోయింది, మన తెలుగువాళ్ల వల్ల. మద్రాసు సాపర్స్‌లో పరయర్లు పెద్ద సంఖ్యలో పనిచేశారు. బొంబాయి సైన్యంలో మహర్లు ఉన్నారు. బాబాసాహెబ్ తండ్రి రామ్‌జీ సక్పాల్ సుబేదార్. బాబాసాహెబ్ పుట్టిందే మౌ సైనిక స్థావరంలో. ఆ తర్వాత "యుద్ధ జాతులు" అని ఒక సిద్ధాంతం కల్పించారు బ్రిటిష్ అధికారులు. పంజాబీలు, గూర్ఖాలు యుద్ధానికి పుట్టినవాళ్లట, దక్షిణాదివాళ్లు, అంటరానివాళ్లు పనికిరారట. 1892లో మహర్లను సైన్యంలోకి తీసుకోవడం ఆపేశారు. గోపాల్ బాబా వలంగ్కర్ లాంటివాళ్లు అర్జీలు పెట్టారు. మొదటి ప్రపంచ యుద్ధంలో మనుషులు చాలక 1917లో మళ్లీ ఒక పటాలం కట్టి, అవసరం తీరాక 1921లో రద్దు చేశారు. మహర్ రెజిమెంట్ నిలిచింది 1941లో. ఆ ఏడు వైస్రాయి రక్షణ సలహా సంఘంలో కూర్చున్న అంబేద్కర్ దాని కోసం గట్టిగా అడిగారు.

యూనిఫాం ఒంటిమీద లేనప్పుడు గాయానికి గౌరవం రాదు. చెట్టు మీద నుంచి పడితే ప్రమాదం అంటారు. బోర్డర్‌లో పడితే త్యాగం అంటారు. విరిగిన వెన్నుపూస మాత్రం ఒకటే.

* * *

సరే, ఆట ఎలా ఆడతారో కూడా తెలుసుకుందాం. లేకపోతే ఇదంతా మనకు కాదులే అనిపిస్తుంది.

పారా ఆర్చరీలో రెండు రకాల విల్లులు. రికర్వ్ అంటే కొసలు ముందుకు వంగిన మామూలు విల్లు. 70 మీటర్ల నుంచి వేస్తారు. కాంపౌండ్ అంటే కొసల్లో కప్పీలున్న విల్లు. 50 మీటర్లు. కాంపౌండ్‌లో పూర్తిగా లాగాక కప్పీలు బరువును మోసేస్తాయి. గురిచూసేటప్పుడు చేతిమీద భారం చాలా తగ్గుతుంది. తాడును వేళ్లతో వదలరు, చిన్న మీటలాంటి రిలీజ్‌తో వదులుతారు. ఆ రిలీజ్‌ను చేత్తోనే నొక్కాలని లేదు. భుజంతో, నోటితో కూడా వదలొచ్చు. కాంపౌండ్ మ్యాచ్‌లో 15 బాణాలు. అన్నీ పదికి తగిలితే 150. కాళ్లతో పాటు చేతుల్లోనూ బలం తక్కువ ఉన్నవాళ్లకు డబ్ల్యూ1 అని వేరే విభాగం, వాళ్లకు విల్లు బలం మీద పరిమితి ఉంటుంది. మిగిలినవాళ్లది ఓపెన్. కుర్చీలో కూర్చున్నవాళ్లు, నిలబడగలిగినవాళ్లు, స్టూలు మీద ఆనుకున్నవాళ్లు అందరూ అందులో కలిసే ఆడతారు.

చేతులే లేనివాళ్లు? వాళ్లూ ఉన్నారు. అమెరికాకు చెందిన మాట్ స్టట్జ్‌మన్ కాలితో విల్లు పట్టి 2012 లండన్‌లో వెండి, 2024 పారిస్‌లో బంగారం గెలిచాడు. మన శీతల్ దేవిది జమ్మూకశ్మీర్‌లో కిష్త్వార్ కొండపల్లె. పుట్టుకతోనే రెండు చేతులూ లేవు. కుడికాలితో విల్లెత్తి, భుజానికి కట్టుకున్న రిలీజ్‌తో లాగి, దవడతో వదులుతుంది. ఆమెను మొదట గుర్తించింది సైన్యమే, 2021లో కిష్త్వార్‌లో పెట్టిన ఓ కుర్రకారు కార్యక్రమంలో. 2023లో హాంగ్జౌ ఆసియా పారా క్రీడల్లో రెండు బంగారాలు. 2024 పారిస్‌లో రాకేశ్‌తో కలిసి కాంస్యం. 2025 గ్వాంగ్జూలో 18 ఏళ్లకే ప్రపంచ విజేత.

రికర్వ్‌లో హర్వీందర్ సింగ్ ఉన్నాడు. హర్యానా రైతు కుటుంబం. ఏడాదిన్నర పిల్లవాడిగా ఉన్నప్పుడు జ్వరానికి వేసిన ఇంజెక్షన్ వికటించి కాళ్లు దెబ్బతిన్నాయి. 2021 టోక్యోలో కాంస్యం, 2024 పారిస్‌లో బంగారం. ఒలింపిక్స్, పారాలింపిక్స్ రెండూ కలిపి చూసినా విలువిద్యలో దేశానికి వచ్చిన మొదటి బంగారం అదే.

ఇప్పుడు రాకేశ్ కుమార్ గురించి ఒక్క మాట. గ్వాంగ్జూలో తోమన్‌తో ఫైనల్ ఆడినవాడు. సైనికుడు కాదు. కూలిపని చేసే తండ్రి కొడుకు. 2010లో ప్రమాదంలో వెన్నెముక దెబ్బతిని నడుం కింద చచ్చుపడింది. ఆ తర్వాత చనిపోవాలన్నంత నిరాశలో పడ్డాడు. కట్రాలో అతని అదృష్టమేమిటంటే వైష్ణోదేవి ఆలయ బోర్డు వాళ్ల క్రీడా ప్రాంగణంలో విలువిద్య ఉంది, కుల్దీప్ వేద్వాన్ అనే కోచ్ ఉన్నాడు. శీతల్‌కు నేర్పిందీ ఆ ప్రాంగణంలోనే.

అంటే ఏం కావాలి? ఒక మైదానం, ఒక కోచ్, కుర్చీ లోపలికి వెళ్లే దారి. ఈ మూడూ కట్రాలో ఉన్నాయి కాబట్టి రాకేశ్ ఉన్నాడు. మా మావయ్యకు వీటికంటే ముందు కావలసింది ఇంకొకటి ఉంది. రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలని మా అత్తయ్యకు చెప్పే ఒక్క నర్సు.

* * *

మళ్లీ మన ఊరికి వద్దాం.

మండపేట అంటే రైస్ మిల్లులు. మిల్లుల్లో బస్తాలు మోసే జట్టు కూలీలు. నడుము మీద, మెడ మీద బరువు పడీ పడీ యాభై ఏళ్లకు వంగిపోయేవాళ్లు. 2022లో కొత్త జిల్లాలు పెట్టినప్పుడు మండపేటను కోనసీమలో కలిపారు. కోనసీమ అంటే కొబ్బరి. కొబ్బరంటే ఫోటోల్లో కాలవగట్టు, పచ్చని తోట. ఆ ఫోటోలో కనపడనివాడు దింపు కార్మికుడు. మన పేటల్లోవాళ్లు, శెట్టిబలిజలు, చిన్న కులాలవాళ్లు. రోజుకి పదుల చెట్లు ఎక్కి దిగుతారు. ఈ రోజు ఒక తోట, రేపు ఇంకో తోట. పడితే యజమాని ఎవరు? నష్టపరిహారం చట్టంలో బొటనవేలికి కూడా శాతం ఉంది. ఆ శాతం ఎవరి దగ్గర వసూలు చెయ్యాలో మాత్రం దింపు కార్మికుడికి తెలియదు.

2024 జూలై నుంచి మన రాష్ట్రంలో వికలాంగుల పింఛను నెలకు 6,000 అయింది. పూర్తిగా మంచానికో, చక్రాల కుర్చీకో పరిమితమైనవాళ్లకు 15,000. మంచిదే. కాదనను. కానీ 2025లో సర్టిఫికెట్ల పునఃపరిశీలన పేరుతో ఎంతమంది మంచాల మీద నుంచి ఆటోల్లోకి ఎత్తించుకుని ఆసుపత్రుల చుట్టూ తిరిగారో మీరంతా చూశారు. డబ్బు ఇవ్వడం వేరు, మనిషిని లేపి కూర్చోబెట్టడం వేరు. గుట్మన్ చేసింది రెండోది.

దక్షిణాదిన అది చేసి చూపించినవాళ్లూ ఉన్నారు. వెల్లూరు సీఎంసీలో డాక్టర్ మేరీ వర్గీస్. 1954లో ప్రమాదంలో ఆమెకే నడుం చచ్చుపడింది. చక్రాల కుర్చీలోనే కూర్చుని ఆపరేషన్లు చేసింది. 1966లో వెల్లూరులో పునరావాస కేంద్రం తెరిచింది. సైనికులకు కాదు, కూలీలకు, రైతులకు, ఎవరికైనా. మన గోదావరి జిల్లాల నుంచి ఎంతమంది రైలెక్కి వెల్లూరు పోతారో మీకు తెలుసు. పోలేనివాళ్లు నులకమంచం మీద ఉంటారు.

ఇక విలువిద్యకు కూడా మనం పరాయివాళ్లం కాదు. బెజవాడ అమ్మాయి జ్యోతి సురేఖ 2023లో హాంగ్జౌ ఆసియా క్రీడల్లో మూడు బంగారాలు తెచ్చింది, అదీ కాంపౌండ్‌లోనే. ఆ బెజవాడ మండపేటకు మూడు నాలుగు గంటల దారి. కోచ్‌లు ఉన్నారు, ఆట ఉంది. కుర్చీలో ఉన్నవాణ్ణి అక్కడిదాకా తీసుకెళ్లే దారి లేదు. పోటీలో వాడే కాంపౌండ్ విల్లు సామానుతో కలిపి లక్షల్లో ఉంటుంది. దింపు కూలి డబ్బుల్తో అది కొనలేరు.

అందుకే మన సంఘం తరఫున మూడు విషయాలు అడుగుతూ అర్జీ రాశాం. ఇక్కడ కూడా పెడుతున్నాను.

ఒకటి. జిల్లా ఆసుపత్రిలో వెన్నెముక గాయాలవాళ్లకు విడిగా పడకలు, ఫిజియోథెరపీ ఉండాలి. ఇంటికి పంపేముందు ఇంట్లోవాళ్లకు తిప్పడం, శుభ్రం చేయడం నేర్పాలి. దీనికి కోట్లు అక్కర్లేదు. 1944లోనే తెలిసిన పద్ధతి.

రెండు. దింపు కార్మికులను, గీత కార్మికులను, జట్టు కూలీలను పేర్లు రాసి, పడితే ఎవరు ఎంత ఇవ్వాలో ముందే తేల్చాలి.

మూడు. ప్రభుత్వ కళాశాల మైదానాల్లో ఒక్కచోటైనా చక్రాల కుర్చీ వెళ్లే దారి, రెండు లక్ష్యాల బోర్డులు, మొదట్లో నేర్చుకోడానికి మామూలు విల్లులు. హైదరాబాద్ శివార్లలో జవాన్లకు ఉన్నదాంట్లో పదో వంతు చాలు.

"పక్కా ఇల్లు లేనోడికి విల్లెందుకు?" అని ఒక పెద్దమనిషి నన్నడిగాడు. దానికి జవాబు ఈ చరిత్రలోనే ఉంది. స్టోక్ మాండవిల్‌లో ఆ 16 మందికి కూడా ఎవరూ పతకం కోసం విల్లు ఇవ్వలేదు. గోడవైపు తిరిగి పడుకున్నవాడు ఇటువైపు తిరగాలని ఇచ్చారు. తోమన్ కుమార్‌కు కొరియాలో వచ్చిన బంగారం వెనక ఆ ఇటు తిరగడం ఉంది. మా వీధిలో ఒకాయన మమ్మల్ని దగ్గరకు రానివ్వకుండా, మంచం మీద నుంచే "కొంచెం పైకెత్తి కొట్టరా" అని చెప్పేవాడు. ఆయనకు గురి తెలుసు. మేం ఆయన చేతికి ఆ ఈనె విల్లు కూడా ఇవ్వలేదు. ఇవ్వాలని మాకు తట్టలేదు.

మీ వీధిలో కూడా అలాంటి మంచం ఒకటి ఉంటుంది. వెళ్లి కూర్చోండి. సర్టిఫికెట్ ఉందా, పుండ్లున్నాయా, ఎవరు తిప్పుతున్నారు అని అడగండి. పేరు వద్దు, ఊరు, ఏ పనిలో గాయపడ్డారో మాత్రం నాకు రాసి పంపండి. అర్జీతో పాటు ఆ లెక్క కూడా పెడదాం.

వచ్చే భాగంలో కోనసీమ జట్టు కూలీల చరిత్ర.

జై భీమ్.